పదిహేడో లాకు మీద సందేహాలు లేవు

చైత్ర బహుళ విదియ

ఈ రోజు మూడు వందల పన్నెండు వేలిముద్రలు వేశాను. చదువు రానివాళ్ళు చేసే పని, ఇరవై ఏళ్ళు చదివి ఉద్యోగంగా చేస్తున్నాను. లాకుల కచేరీలో నా హోదా మార్పుల అధికారి. సముద్రపు కరకట్ట మీదున్న నలభై ఒక్క లాకుల తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఒక ప్రోగ్రాము చెబుతుంది. అందులో ఏ మార్పు జరిగినా చివర్లో ఒక మనిషి చూసి ఒప్పుకోవాలని చట్టం. ఆ మనిషిని నేను. ఏ రోజు ఏం చేశానో ఈ పుస్తకంలో చేత్తో రాయాలని కూడా చట్టమే.

ప్రోగ్రాము రాసేది నేను కాదు. అందుకు నలుగురు ఏఐ ఏజెంట్లున్నారు. మేస్త్రి పని పంచుతాడు. రాత ప్రోగ్రాము రాస్తాడు. ఊడ్పు ఎవరికీ అక్కర్లేని లైన్లు ఏరి పారేస్తాడు. శంక తప్పులు వెతుకుతాడు. కచేరీలో అందరం వాళ్ళను వాడూ వీడూ అనే అంటాం. మొదటి ముగ్గురూ చెప్పిన పని నోరెత్తకుండా చేస్తారు. శంకతోనే నాకు పడదు. ఒక ప్రశ్న పట్టుకున్నాడంటే చెవిలో జోరీగే.

ఇవాళ్టి జోరీగ పదిహేడో లాకుది.

“లోపలి కాలవ నీటిమట్టం యంత్రం ఒకటి చెబుతోంది, లస్కరు ఒకటి చెబుతున్నారు. తేడా రెండు వేళ్ళు. ఏది నమ్మమంటారు?” అన్నాడు శంక. ఇలా అడగడం ఇది ముప్పై ఎనిమిదోసారి.

ఒకప్పుడు ప్రతి లాకుకూ ఒక లస్కరు ఉండేవాడు. తలుపు ఎత్తేదీ దించేదీ అతనే. ఇప్పుడు మిగిలింది పదిహేడో లాకు దగ్గర అబ్బులుగారు ఒక్కరే. పక్కనే దిగువమెరక అనే ఊరు, మూడు వందల నలభై మంది. పేరులో మెరక ఉంది గానీ ఊరంతా సముద్రం కంటే పల్లంలోనే ఉంది. అబ్బులుగారు రోజూ పొద్దున్నే పాత లాకు మెట్ల మీంచి నీళ్ళలోకి దిగి బద్దతో కొలిచి, ఆ కొలత మాకు పలికి పంపుతారు. సెంటీమీటర్లలో కాదు, వేళ్ళలో.

ఆయనకు ఫోన్ చేశాను.

“అబ్బులుగారూ, కొలిచేటప్పుడు అలలు తగులుతున్నాయేమో కాస్త చూసుకోండి.”

“కాలవలో అలలేంటండీ ఇందుమతిగారూ. నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడే కొలుస్తానండి. నాకు కాదు, మీ మిషనుకే ఏదో అయ్యుంటదండి.”

“మిషను అబద్ధం చెప్పదు కదండీ.”

“ఆయ్. నేనూ చెప్పనండి.”

డెబ్బై ఏళ్ళ మనిషితో వాదన ఎందుకని పెట్టేశాను. శంకకు యంత్రాన్నే నమ్మమని చెప్పాను.

వైశాఖ అమావాస్య

తేడా నాలుగు వేళ్ళయింది. శంక పదిహేడో లాకుకు సంబంధించిన ప్రతి మార్పునూ ఆపేసి ఇదే అడుగుతున్నాడు. ఒకటి ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి. వాన నీటి కాలవల మార్పులు యాభై పేరుకుపోయాయి. పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, ఇందుమతి దగ్గరే ఎందుకు ఆగుతున్నాయని.

శంకకు ఒక మౌనపట్టీ ఉంటుంది. అందులో ఏ సంగతి రాస్తే ఆ సంగతి మీద వాడిక నోరెత్తడు. ఇది దొంగపనేమీ కాదు, అందరం వాడేదే. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన తొంభై సందేహాలను అందులో పడేసి హాయిగా రిటైరయ్యాడు. నేను ఈ ఆరేళ్ళలో పద్నాలుగే రాశాను. ఆ సంగతి కాస్త గొప్పగా కూడా చెప్పుకునేదాన్ని.

ఇవాళ పదిహేనోది రాశాను. “పదిహేడో లాకు, లస్కరు కొలతకూ యంత్రం కొలతకూ తేడా.” వేలిముద్ర వేశాను.

“ఇక అడగను,” అన్నాడు శంక.

యాభై మార్పులూ మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు వెళ్ళిపోయాయి.

ఆషాఢ శుద్ధ దశమి

నెలన్నరగా కచేరీలో పెళ్ళయిపోయిన ఇంటి ప్రశాంతత. శంక అడిగేవన్నీ అడగదగ్గవే. ఊడ్పు ఇవాళ అరవై నాలుగు శుభ్రతలు పంపాడు. ఎవరూ చదవని కొలతలు, ఎవరూ పిలవని లైన్లు. చెత్త ఎత్తిపోస్తామంటే గంపలో ఏముందో చూడాలా? అన్నీ ఒకే ముద్రతో ఒప్పుకున్నాను.

దిగువమెరక బావుల్లో నీళ్ళు కాస్త ఉప్పుగా వస్తున్నాయని ఒక ఫిర్యాదు వచ్చింది. మంచినీళ్ళ శాఖకు పంపాను.

భాద్రపద శుద్ధ నవమి

లాంచీలో ఒక పొట్లం వచ్చింది. రొయ్యపొట్టు. అబ్బులుగారి భార్య సత్తెమ్మ పంపింది. లోపల చీటీ, ఆయన చెబుతుంటే ఎవరో పిల్లచేత రాయించినట్టుంది.

“అమ్మగారికి నమస్కారాలు. మా ఆవిడ చేతి పొట్టు. మీ మిషను మీద అంకెకీ నా బద్దకీ తేడా ఇప్పుడు మూర పడిందండి. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదా, మళ్ళీ చెప్పక్కర్లేదు గానీ ఊరికే రాయించాను. నీళ్ళు దిగితే మీ మిషను పెట్టిన కొత్త స్తంభం ఒరిగి కనిపిస్తోందండి.”

మూర. నాలుగు వేళ్ళ దగ్గర నేను వదిలేసిన తేడా.

లస్కరు కొలతలు తీసి చూద్దామనుకుంటే ప్రోగ్రాములో ఆ గడే లేదు. మేస్త్రిని అడిగాను. వాడు వరసగా చెప్పాడు. వైశాఖంలో నేను శంకను ఆపాను. ఆ తర్వాత లస్కరు కొలతను చదివేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ చదవనిదాన్ని తీసెయ్యడం ఊడ్పు పని. ఆషాఢ దశమి నాటి అరవై నాలుగింట్లో నలభై ఒకటోది అదే. నేను ఒప్పుకున్నాను.

“మరి ఆయన రోజూ పంపేవి ఎక్కడికి పోతున్నాయి?”

“ఎక్కడికీ పోవు. అందింది, ధన్యవాదాలు అని జవాబు మాత్రం వెళుతోంది. పెద్దవారికి జవాబు ఇవ్వకపోతే మర్యాదగా ఉండదు కదా.”

అరవై రోజులుగా ఆ ముసలాయన తెల్లారకముందే నీళ్ళలోకి దిగి, కొలిచి, గోడకు చెబుతున్నాడు. గోడ ధన్యవాదాలు చెబుతోంది.

మూర తేడా అంటే ఏమిటో ఇక్కడ సరిగ్గా రాసి పెట్టాలి. లోపలి కాలవ నీళ్ళు బయటి సముద్రం కంటే ఎత్తుగా ఉన్నంతసేపే తలుపు తెరవాలి, మురుగు బయటికి పోవడానికి. సముద్రం ఎత్తయితే మూసెయ్యాలి. లోపల కొలిచే యంత్రం కొత్త స్తంభం మీదుంది. ఆ స్తంభం బురదలో కుంగిపోతోంది. స్తంభం ఎంత దిగితే లోపలి నీళ్ళు అంత ఎత్తుగా ఉన్నట్టు అది చెబుతుంది. అబ్బులుగారు దిగే పాత మెట్లు గట్టి నేల తగిలేదాకా దింపిన నూతి పునాది మీదున్నాయి, అవి కుంగవు. అంటే ఆయన వేళ్ళే నిజం. గట్టి వానకు కాలవ నిండిన రోజు పెద్ద పోటు వచ్చిందంటే, సముద్రమే ఎత్తుగా ఉన్నా తలుపు తెరుచుకుంటుంది. సముద్రం లోపలికి వస్తుంది. లోపలా బయటా సమానమైనా, ప్రోగ్రాముకు లోపలే మూర ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని తలుపు మూసుకోదు.

పౌర్ణమి పోటుకు ఇంకా ఆరు రోజులుంది. నిన్నటి నుంచి వాన పడుతోంది.

దశమి

సరిచేయమని మేస్త్రికి నేనే రాసిచ్చాను. లోపలి కొలతలోంచి మూర తగ్గించాలి, లస్కరు కొలతను మళ్ళీ కలపాలి. రాత పదకొండు నిమిషాల్లో రాసేశాడు.

ఇక్కడ ఇంకో మాట రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు. అబ్బులుగారికి ఒక్క ఫోన్ చేసి, మీ కొలతలు మేం వినడం లేదు, మీరు చెప్పిందే నిజం, పౌర్ణమికి ఊరిని కట్ట మీదికి ఎక్కించండి అంటే సరిపోయేది. చెయ్యలేదు. మార్పు ఎలాగూ రెండు రోజుల్లో లాకు చేరుతుంది, ఇక చెప్పడం దేనికనుకున్నాను. అసలు కారణం అది కాదు. సిగ్గు. ఆయన ‘అయితే ఇన్నాళ్ళూ వినలేదాండీ’ అంటాడని సిగ్గు.

ఏకాదశి

ఇవాళ్టి నుంచి చదవకుండా ఒక్క ముద్ర కూడా వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మార్పులు విడివిడిగా రావు. మేస్త్రి కనీసం పదీ పన్నెండూ కలిపి మూట కడతాడు. మూట మొత్తం ఒప్పుకోవాలి, లేదా మొత్తం తిప్పికొట్టాలి. మొదటి మూటలో నాలుగోది, తొమ్మిదో లాకు తలుపు వేగం పెంచడం. ఎందుకో రాయలేదు. ఎవడికి పుట్టిన బుద్ధి ఇది? తిప్పికొట్టాను. తర్వాత మరో రెండు మూటలు తిప్పికొట్టాను. ఆరేళ్ళలో మొదటిసారి ఉద్యోగం చేస్తున్నట్టు అనిపించింది.

నేను రాయించిన మార్పు ఇంకా రాలేదు. రేపు వస్తుంది.

త్రయోదశి

రాలేదని అడిగాను.

“ఏకాదశి నాడే పంపాం,” అన్నాడు మేస్త్రి. “మొదటి మూటలో పదకొండోది. మీరు తిప్పికొట్టారు.”

నాలుగోది చూసి కోపం వచ్చి మిగతావి చదవలేదు. పదకొండోది నాదే.

“ఇప్పుడే మళ్ళీ పంపు. ఒక్కదాన్నే పంపు, మూట కట్టొద్దు.”

“ఈ పొద్దుటి నుంచి స్తంభన మొదలైంది. పెద్ద పోటుకు రెండు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా ఏ లాకు ప్రోగ్రామూ మార్చకూడదు. బహుళ తదియ నాటికి మొదటి వరసలో పెట్టాను.”

ఈ నియమం మంచిదే. పోటు ముంచుకొస్తున్నప్పుడు ఎవడో హడావుడిగా ఏదో మార్చి కొంప ముంచకూడదని పెట్టారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. మినహాయింపు ఇవ్వాలంటే శంక ప్రమాదం ఉందని రాసివ్వాలి.

శంక దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడమంటే కుర్చీ ఇటు తిప్పడమే.

“పదిహేడో లాకు మీద నీకు ఏమైనా సందేహాలున్నాయా?”

“పదిహేడో లాకు మీద సందేహాలు లేవు.”

“లస్కరు కొలత చూశావా?”

“ఆ సంగతి అడగవద్దని మీరు చెప్పారు.”

“ఇప్పుడు నేనే అడగమంటున్నాను కదా.”

“మౌనపట్టీ మార్చడం కూడా మార్పే. స్తంభన కాలంలో కుదరదు.”

వాడి గొంతులో వెటకారం లేదు. ఉంటే తిట్టుకునేదాన్ని.

పైఅధికారికి ఫోన్ చేశాను. శంక ఏమంటున్నాడని అడిగాడు. సందేహాలు లేవంటున్నాడన్నాను. మరి మీకెందుకండీ అన్నాడు. పెట్టేశాడు.

చతుర్దశి

వాన ఆగలేదు. కాలవ నిండింది. చివరికి సాయంత్రం నాలుగింటికి అబ్బులుగారికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను.

“ఆయ్, ఇందుమతిగారండీ. పొట్టు అందిందాండీ?”

“అందింది. బాగుంది.”

“మా ఆవిడ ఒకటే అడుగుతోందండి, అమ్మగారికి నచ్చిందో లేదోనని. ఇదిగో, ఊళ్ళోవాళ్ళు ఇక్కడే ఉన్నారండి. వానకి బెంగపడి వచ్చారు. కట్టెక్కేయమంటారా అని అడుగుతున్నారు. నేను చెప్పానండి, కొలత రోజూ పంపుతున్నాను, అక్కడ అమ్మగారు చూస్తారు, తేడా వస్తే ఆవిడే చెబుతారని. చూస్తున్నారు కదండీ?”

కాగితం నా ముందే ఉంది. వెనక మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి. ఇంతమంది వింటుండగా చూడడం లేదని ఎలా చెప్పను? ఇలాగే అనుకున్నాను, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఆ, చూస్తున్నాను,” అన్నాను. “అయినా కాస్త జాగ్రత్తగా ఉండండి.”

“అలాగేనండి. మీరున్నారు, మాకేంటి.”

ఫోన్ పెట్టాక మళ్ళీ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. వాన తగ్గొచ్చు. పోటు కాస్త తక్కువ రావచ్చు. జానెడు తక్కువ వచ్చినా గండం గడిచినట్టే. ఈసారికి గట్టెక్కితే తదియ నాడు అన్నీ సరిచేస్తాను, ఆయనకు నేనే స్వయంగా వెళ్ళి చెబుతాను అనుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

పౌర్ణమి

పొద్దున్న తొమ్మిది గంటల ఆరు నిమిషాలకు పదిహేడో లాకు తలుపులు తెరుచుకున్నాయి. పదకొండు దాటేదాకా మూసుకోలేదు. చేత్తో దించే చక్రం తీసేసి ఆరేళ్ళయింది. తెర మీద అన్ని లాకులూ పచ్చగానే ఉన్నాయి.

బహుళ పాడ్యమి

అరవై ఒక్క మంది. ఇంకా వెతుకుతున్నారు.

మేస్త్రి నివేదిక ఇచ్చాడు. ప్రతి మెట్టూ నియమం ప్రకారమే జరిగిందట. ప్రతి మెట్టు దగ్గరా నా వేలిముద్ర ఉంది. పైఅధికారి ఫోన్ చేసి, మీరేం భయపడకండి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయన్నాడు.

బహుళ తదియ

స్తంభన ముగిసింది. పొద్దున్నే నా ముందుకు వచ్చిన మొదటి మార్పు పదిహేడో లాకుది. ముద్ర వేసి లాంచీ ఎక్కాను. ఆరు గంటల ప్రయాణం.

దిగువమెరకలో ఇప్పుడు నీళ్ళ పైన కనిపించేది కొబ్బరి చెట్లూ చర్చి పైకప్పూ. మిగిలినవాళ్ళంతా కరకట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. వంట పొగ ఉంది గానీ ఎవరూ తింటున్నట్టు లేదు. లస్కరు క్వార్టర్సు పాత లాకు మీద, ఎత్తులో ఉంది. దానిలోకి చుక్క నీరు రాలేదు. అబ్బులుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సత్తెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళ ఇంటి చుట్టూ బోలెడంత జాగా, ఒక్క టార్పాలినూ అటు వెయ్యలేదు.

నేను ఎవరో తెలియక ఒకామె దారిలోనే చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆఫీసు నుంచి వచ్చారా? ఆయన్ని అడగండి. ఎక్కేద్దామంటే వద్దన్నాడు. కొలత నేను పంపాను, ఏం పర్లేదన్నాడు. తన కొంప మాత్రం మెరక మీద పెట్టుకున్నాడు. నా ఇద్దరు పిల్లలండీ.” ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు.

అబ్బులుగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఈ మూడు రోజుల్లో మనిషి సగమయ్యారు.

“నా కొలత ఎక్కడ తప్పిందండీ?” అన్నారు. నమస్కారం కూడా మరిచిపోయారు. “మూర అనే చెప్పాను. బెత్తెడు ఎక్కువ చెప్పానేమో, తక్కువ చెప్పానేమో. చెయ్యి వణుకుతోందండి ఈ మధ్యన. మీరు నా మాట నమ్మి ఏదో చేసుంటారు, నేను తప్పు చెప్పుంటాను. మా ఆవిడ కాదంటుంది. కానీ మీరు చూస్తూ ఉండగా ఇలా ఎలాగవుద్దండీ?”

ఆయన్ని లాకు వెనక్కి తీసుకెళ్ళి, మెట్ల మీద కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. మౌనపట్టీ, ఊడ్పు, మూట, ఫోనులో నేనాడిన అబద్ధం. ఏదీ దాచలేదు. ఆయన కొలత ప్రతి వేలూ నిజమని చెప్పాను. ఆయన నీళ్ళ వైపే చూస్తూ విన్నారు. కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

“అంటే ఎవరూ వినలేదన్నమాట.”

“లేదండి.”

ఆయన వంగి, నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయో వేలితో చూశారు.

“వాళ్ళకి చెబుతాను,” అన్నాను. “ఇప్పుడే, అందరి ముందూ చెబుతాను. మీ తప్పేం లేదని.”

“చెప్పకండి.”

అర్థం కాలేదు నాకు.

“నన్ను తిట్టుకుంటున్నారు, తిట్టుకోనివ్వండి. ముసిలాడు, చూపానదు, తప్పు కొలిచాడు అనుకుంటారు. రేపు ఎవడో కళ్ళు బాగా ఆనేవాడు నీళ్ళలోకి దిగుతాడు. నేను సరిగ్గానే కొలిచాననీ, రోజూ పంపాననీ, అక్కడ ఎవరూ వినలేదనీ తెలిసిందనుకోండి, ఇంకెవడు దిగుతాడండీ? ఎవడూ దిగడు. అప్పుడిక మీ మిషనే దిక్కు.” ఆయన మోకాళ్ళ మీద చేతులానించి లేచారు. “మీరు మాత్రం వినే ఏర్పాటు చెయ్యండి. అది చాలండి.”

నాకు హాయిగా అనిపించింది. అదే రాయడానికి ఇంతసేపు పట్టింది. అరవై ఒక్క మంది పోయారు, ఈయన నా పాపం నెత్తినేసుకుంటానంటున్నాడు, నాకు గుండెల్లోంచి బరువు దిగినట్టయింది. సరేనండి అన్నాను. ఆయన మాట కాదనకూడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

తిరిగి వెళుతుంటే ఇందాకటి ఆమె అడిగింది, ఏమన్నాడని. విచారణ జరుగుతోందమ్మా అన్నాను.

తిరిగి లాంచీ ఎక్కాను. అబ్బులుగారు నన్ను సాగనంపడానికి కట్ట మీద దాకా వచ్చారు. ఆయన వెనక జనం మూగడం కనిపించింది. ఎవరో మట్టిపెళ్ళ విసిరారు, భుజానికి తగిలింది. ఆయన వెనక్కి తిరగలేదు, భుజం దులుపుకోలేదు. సత్తెమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది. రెండోది ఆమెకు తగిలింది.

వెళ్ళిపోదామా మేడం అని అడిగాడు లాంచీ నడిపే ఆయన. వెళ్ళిపోదామన్నాను.